అమ్మానాన్నలకు తెలుసా?

1940ల్లో అమెరికాలో జాన్ గుంథర్ పేరు తెలియని చదువరి ఉండడు. దేశదేశాలు తిరిగి, అక్కడి నాయకుల గురించీ రాజకీయాల గురించీ కథలు చెప్పినంత ఇంపుగా రాసే విలేకరి. 1936లో వచ్చిన ఆయన పుస్తకం 'ఇన్‌సైడ్ యూరప్' పెద్ద సంచలనం. 1939లో 'ఇన్‌సైడ్ ఏసియా' వచ్చింది. గాంధీజీ, నెహ్రూల గురించి అమెరికన్లు చాలామంది అందులోనే చదువుకున్నారు. ఖండాలను పుస్తకాల్లో పెట్టిన ఆ మనిషి 1949లో ఓ చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. అందులో దేశాలు లేవు, నాయకులు లేరు. ఒక కుర్రాడు, ఒక అమ్మ, ఒక నాన్న, ఓ ఆసుపత్రి గది... అంతే. ఆయన రాసిన లావుపాటి పుస్తకాలు ఇవాళ ఎక్కువమందికి గుర్తులేవు. ఈ చిన్న పుస్తకాన్ని మాత్రం ఇప్పటికీ చదువుతున్నారు.

పుస్తకం పేరు 'డెత్ బీ నాట్ ప్రౌడ్'. పదిహేడో శతాబ్దపు ఇంగ్లిష్ కవి జాన్ డన్ రాసిన ఓ పద్యం నుంచి తీసుకున్న పేరది. మృత్యువుతో 'నీకంత గర్వం పనికిరాదు' అనడం దాని భావం. ఆ మాట అనే హక్కు సంపాదించుకున్నవాడు గుంథర్ కాదు, ఆయన కొడుకు జానీ.

మెడ పట్టేసిందనుకున్నారు

జానీ 1929 నవంబరులో పారిస్‌లో పుట్టాడు. అదే ఏడాది మొదట్లో వాళ్ల తొలి బిడ్డ జూడీ నెలల పసికందుగానే కన్నుమూసింది. ఆ కడుపుకోత ఆరకముందే పుట్టిన పిల్లాడు కావడంతో, తల్లి ఫ్రాన్సిస్‌కు వాడే లోకం. తండ్రి ఊళ్లు పట్టుకు తిరిగే మనిషి. సంసారం సాఫీగా సాగలేదు. 1944లో ఇద్దరూ విడాకులు తీసుకున్నారు. ఎవరి దారి వాళ్లదైనా కొడుకు విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట.

జానీ ఆటల్లో వెనకబడ్డా బుర్ర చురుకైనవాడు. రసాయనశాస్త్రమన్నా భౌతికశాస్త్రమన్నా ప్రాణం. చదరంగం ఆడేవాడు, రాళ్లూ రప్పలూ ఏరుకొచ్చి దాచేవాడు. మాటకు మాట చమత్కారంగా జవాబిచ్చేవాడు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని డీర్‌ఫీల్డ్ అకాడమీలో ఉండి చదువుకునేవాడు.

1946 ఏప్రిల్. సెలవులు గడిపి స్కూలుకు వెళ్లిన కొద్ది రోజులకే జానీకి మెడ పట్టేసింది. ఈ వయసు పిల్లలకు మెడ పట్టేస్తే ఎవరైనా ఏమనుకుంటారు? పడుకోవడం తేడా వచ్చిందనుకుంటారు. ఆ కాలంలో అయితే పోలియో ఏమోనని భయపడతారు. అక్కడా అదే జరిగింది. దగ్గర్లోని పట్టణం నుంచి నరాల డాక్టరును పిలిపించారు. ఆయన చిన్న పరికరంతో జానీ కంటి లోపలికి చూశాడు. కంటి వెనక నరం ఉబ్బి ఉంది. అంటే తల లోపల ఒత్తిడి పెరుగుతోందన్నమాట.

అప్పటికి సీటీ స్కాన్ లేదు. మొదటి రోగికి ఆ స్కాన్ తీసింది 1971లో. ఎమ్మారై ఇంకా తర్వాతి సంగతి. పుర్రె లోపల ఏముందో తెలియాలంటే కంటి కిటికీలోంచి తొంగిచూడాలి, లేదా పుర్రె తెరవాలి. తండ్రికి ఫోను వెళ్లింది. ఏప్రిల్ 29న న్యూయార్క్‌లోని న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌లో డాక్టర్ ట్రేసీ పుట్నమ్ ఆపరేషన్ చేశాడు. గంటల తరబడి సాగింది. కణితి నారింజపండంత ఉంది. సగమే తీయగలిగారు.

పిల్లాడి ప్రశ్న

ఆ సగం ఎందుకు మిగిలిపోయింది? ఈ రకం కణితులకు గట్టు ఉండదు. పొలంలో గరిక వేళ్లు పాకినట్టు, మంచి మెదడు కణాల మధ్యకు సన్నని పోగులుగా పాకిపోతాయి. మొత్తం పెరికేయాలంటే చూపు, మాట, నడక కూడా వాటితోపాటే పోతాయి. పైగా పుర్రె గట్టి ఎముక. లోపల పెరిగేదానికి చోటుండదు. అందుకే జానీ పుర్రెలో ఎముక ముక్క ఒకటి తిరిగి పెట్టకుండా అలాగే వదిలేశారు, ఒత్తిడి బయటికి పోవడానికి. ఆ చోట మెదడు చర్మం కిందకు బుడిపెలా ఉబికేది. ఆ బుడిపె మెత్తగా ఉందా, గట్టిగా ఉందా అన్నదాన్ని బట్టే ఆ ఇంట్లో ఆ రోజు పండగో, అమావాస్యో!

'నీ తలలో కణితి ఉంది' అని కుర్రాడికి ఎవరు చెప్పాలి? డాక్టర్ పుట్నమే ఆ పని నెత్తిన వేసుకున్నాడు. ఒంటరిగా ఉన్నప్పుడు, ఏదీ దాచకుండా చెప్పాడు. జానీ విన్నాడు. ఏడవలేదు. బతుకుతానా అనీ అడగలేదు. ఈ సంగతి మా అమ్మానాన్నలకు తెలుసా, వాళ్లకు మెల్లగా ఎలా చెబుదాం అని మాత్రం అడిగాడు.

వాడి ముందు కన్నీరు బయటపడకూడదని అమ్మానాన్నలు గుండె రాయి చేసుకున్నారు. పదహారేళ్ల కొడుకు వాళ్ల కోసం అదే పని చేస్తున్నాడు. పెద్ద జబ్బు వచ్చిన ఏ ఇంట్లోనైనా జరిగేది ఇదే. 'వాడికి తెలియనీయకండి' అని పెద్దవాళ్లు డాక్టరు గది బయట నిలబడి బతిమాలతారు. పిల్లలు మందుల పేర్లు చదివి, గుసగుసలు విని, అమ్మ కళ్లు చూసి ఎప్పుడో తెలుసుకుంటారు. తెలియనట్టు నటిస్తారు. ఒకే మంచం దగ్గర ముగ్గురు మనుషులు మూడు గోడలు కట్టుకుని కూర్చుంటారు. పుట్నమ్ పుణ్యమా అని జానీ ఇంట్లో ఆ గోడలు పూర్తిగా లేవలేదు. జబ్బు పేరు అందరికీ తెలుసు. దాని చివర ఏముందన్నది మాత్రం ఎవరూ పైకి అనలేదు.

తొక్కని గడప లేదు

కెనడాలోని మాంట్రియల్‌లో ఉండే వైల్డర్ పెన్‌ఫీల్డ్ అప్పటికి ప్రపంచంలోనే పేరున్న మెదడు సర్జన్. ఆయనను కూడా రప్పించారు. ఆయన అంతా చూసి, చెప్పాల్సింది సూటిగా చెప్పేశాడు... ఈ కణితి పిల్లాణ్ని బతకనివ్వదని. అంతటి మనిషి అన్నాక ఇంకేముంది అని అమ్మానాన్నలు ఊరుకున్నారా? ఊరుకుంటే వాళ్లు అమ్మానాన్నలెందుకవుతారు!

ఎక్స్‌రే చికిత్స ఇప్పించారు. ఆ తర్వాత నైట్రోజన్ మస్టర్డ్. యుద్ధాల్లో జనాన్ని చంపడానికి తయారైన విషవాయువుకు దగ్గరి చుట్టమైన రసాయనం అది. క్యాన్సర్ కణాలను కూడా చంపుతుందని 1942లో యేల్ విశ్వవిద్యాలయంలో గుర్తించినా, యుద్ధ రహస్యం కావడం వల్ల 1946 దాకా బయటపెట్టలేదు. ఇవాళ మనం కీమోథెరపీ అంటున్నదానికి అదే మొదలు. ఆ మందు బయటి ప్రపంచానికి తెలిసిన ఏడాదే జానీ నరాల్లోకి ఎక్కించారు.

దాని తర్వాత డాక్టర్ మాక్స్ గెర్సన్. జర్మనీ నుంచి వచ్చి న్యూయార్క్‌లో స్థిరపడ్డ వైద్యుడు. ఉప్పు లేదు, కొవ్వు లేదు, పచ్చి కూరల రసాలు, ఎనిమాలు... ఇదీ ఆయన వైద్యం. తోటి డాక్టర్లు పెదవి విరిచారు. గుంథర్ దంపతులు మాత్రం పిల్లాణ్ని తీసుకెళ్లి ఆయన చేతుల్లో పెట్టారు. ఎదిగే వయసు కుర్రాడు నెలల తరబడి చప్పిడి కూడు తిన్నాడు. విసుక్కున్నా మానలేదు. విచిత్రంగా ఆ రోజుల్లోనే జానీ కాస్త కోలుకున్నాడు. 1946 డిసెంబరులో తలలోంచి చీము తీయాల్సి వచ్చినప్పుడు డాక్టర్లకు కూడా ఆశ పుట్టింది. ఎక్స్‌రేల ఫలితమా, ఆ రసాయనం ఫలితమా, పథ్యం ఫలితమా అన్నది ఎవరూ తేల్చలేకపోయారు. తండ్రి కూడా పుస్తకంలో తేల్చినట్టు నటించలేదు. గెర్సన్ పద్ధతి క్యాన్సర్‌ను నయం చేస్తుందనడానికి ఇప్పటికీ నమ్మదగిన ఆధారం లేదు. ఎనిమాల మోతాదు మించితే ఒంట్లో లవణాలు తారుమారై ప్రాణానికే ముప్పు రావచ్చని వైద్యులు హెచ్చరిస్తున్నారు.

అలాగని ఆ తల్లిదండ్రులను తప్పుపట్టగలమా? 'ఫలానా ఊళ్లో పసరు పోస్తారట', 'ఫలానా చోట చూర్ణం ఇస్తారట' అని ఎవరో చెబితే అప్పు చేసి బండెక్కే వాళ్లను మన ఊళ్లలోనూ చూస్తూనే ఉన్నాం. వాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. 'ఇంక చేయగలిగింది లేదు' అన్న మాటను మనిషి చెవి వింటుంది కానీ, కన్నకడుపు వినదు. అయితే గుంథర్ దంపతులు ఒక తెలివైన పని చేశారు. కొత్త వైద్యం దొరికిందని పాత డాక్టర్లను వదిలేయలేదు. చీము పడితే సర్జన్ దగ్గరికే వెళ్లారు. ఆ ఒక్క జాగ్రత్తా ఎన్నో ఇళ్లలో కరువవుతోంది.

పరీక్షలు రాస్తానన్నాడు

ఇదంతా అమ్మానాన్నల పోరాటం. జానీ పోరాటం వేరు. వాడి దిగులల్లా చదువు వెనకబడిపోతోందనే! ఎడమ చెయ్యి బలం తగ్గింది. చూపులో ఒక పక్క చెరిగిపోయింది. అయినా ఇంటికి ట్యూటర్లను పిలిపించుకుని చదివాడు. ఎప్పటినుంచో మనసులో మెదులుతున్న అమోనియా ప్రయోగం జబ్బులో ఉండే చేసి చూశాడు. తోటివాళ్లతోపాటు స్కూలు చదువు పూర్తి చేయాలి, హార్వర్డ్‌లో చేరాలి... ఇవీ వాడి కోరికలు. హార్వర్డ్ ప్రవేశానికి పరీక్షలు రాశాడు. సీటు వచ్చింది.

ఆ సీటులో వాడు కూర్చోడని అమ్మానాన్నలకు తెలుసు. 'నీకెందుకురా ఈ తిప్పలు, విశ్రాంతి తీసుకో' అనడం తేలిక. వాళ్లు అనలేదు. పుస్తకాలు తెచ్చిచ్చారు, ట్యూటర్లను పెట్టారు, మార్కులు వస్తే మురిసిపోయారు. రేపన్నది లేని పిల్లాడికి రేపటి పాఠం చెప్పించడం పిచ్చితనంలా కనిపించవచ్చు. కానీ ఆ పుస్తకం ముందున్న కాసేపు జానీ రోగి కాడు, విద్యార్థి. వాడికి వాళ్లు ఇవ్వగలిగిన మందుల్లో బాగా పనిచేసింది బహుశా అదే.

1947 వసంతంలో కణితి మళ్లీ తిరగబెట్టింది. మే నెల మొదట్లో డాక్టర్ మౌంట్ చేతుల మీదుగా మరో పెద్ద ఆపరేషన్. నెల తిరిగి జూన్ వచ్చింది. డీర్‌ఫీల్డ్‌లో పట్టాలు ఇచ్చే రోజు. ఏడాదికి పైగా తరగతి గడప తొక్కని పిల్లాడికి హెడ్‌మాస్టర్ ఫ్రాంక్ బోయ్‌డెన్ కబురు పంపాడు, వచ్చి పట్టా తీసుకెళ్లమని.

తలకు తలపాగాలా తెల్లని కట్టు. పడిపోతాడేమోనని పెద్దవాళ్ల భయం. వాడు మాత్రం అందరితోపాటే నడుస్తానన్నాడు. తోటి కుర్రాళ్ల వరసలో, ఒక్కో అడుగే వేసుకుంటూ, తల ఎత్తుకుని నడిచాడు. పేరు పిలవగానే వెళ్లి పట్టా అందుకున్నాడు. హాలంతా చప్పట్లు. అది జాలితో కొట్టిన చప్పట్లు కావని ఆ తండ్రికి తెలుసు. వాడు పాసయ్యాడు, అంతే!

నాలుగు వారాలు తిరగలేదు. 1947 జూన్ 30 రాత్రి న్యూయార్క్ ఆసుపత్రిలో జానీ కన్నుమూశాడు. పదిహేడేళ్లు. మొదటి ఆపరేషన్ జరిగి పద్నాలుగు నెలలు. ఆ పద్నాలుగు నెలలూ తండ్రి ఆసుపత్రి వరండాల మధ్యే 'ఇన్‌సైడ్ యూ.ఎస్.ఎ.' రాశాడు. అది అచ్చయి దేశమంతా అమ్ముడుపోతున్న రోజుల్లోనే కొడుకు లేకుండా పోయాడు.

భారతదేశాన్ని ప్రేమించిన అమ్మ

ఫ్రాన్సిస్‌కు మన దేశంతో ఓ ముడి ఉంది. 1930ల చివర్లో భర్తతో కలిసి ఇక్కడికి వచ్చినప్పుడు నెహ్రూతో పరిచయమైంది. ఆ స్నేహం ఉత్తరాల్లో ఏళ్ల తరబడి సాగింది. భారత స్వాతంత్ర్యం కోసం అమెరికాలో గొంతెత్తిన కొద్దిమందిలో ఆమె ఒకరు. 1944లో 'రివల్యూషన్ ఇన్ ఇండియా' అని పుస్తకమే రాశారు. ఆమె కోరుకున్న ఆ రోజు 1947 ఆగస్టు 15న రానే వచ్చింది. అప్పటికి కొడుకు పోయి నెలన్నర. ఆ ఆగస్టును ఆ తల్లి ఎలా గడిపి ఉంటుందో ఊహించడమే కష్టం.

జానీ పోయాక గుంథర్ ఈ కథను మొదట ఆత్మీయుల కోసమే రాసుకున్నాడు. ఇలాంటి కష్టంలో ఉన్నవాళ్లకు తోడుగా ఉంటుందని తర్వాత బయటికిచ్చాడు. లాభం తాను తీసుకోలేదు, పిల్లల క్యాన్సర్ పరిశోధనకే వదిలేశాడు. పుస్తకంలో జానీ ఉత్తరాలు, డైరీ పేజీలు కూడా ఉన్నాయి. దేవుడున్నాడో లేడో తేల్చుకోలేని కుర్రాడు తనకు తానుగా రాసుకున్న చిన్న ప్రార్థన ఒకటుంది. 1975లో ఈ కథను అమెరికాలో టీవీ సినిమాగా కూడా తీశారు.

అప్పటికీ ఇప్పటికీ ఏం మారింది? చాలానే మారింది. స్కాన్లు వచ్చాయి. కణితిని మిల్లీమీటరు తేడా లేకుండా చూస్తూ ఆపరేషన్ చేస్తున్నారు. పిల్లల్లో వచ్చే మెదడు కణితులన్నీ ఒకటి కావు. కొన్ని రకాల్లో సకాలంలో చికిత్స అందితే ఎక్కువమంది బతికి బట్టకడుతున్నారు. అందుకే పొద్దున్నే తలనొప్పితో లేవడం, కారణం లేని వాంతులు, చూపు మసకబారడం, నడకలో తూలడం లాంటివి పిల్లల్లో విడవకుండా కనిపిస్తే 'బడి ఎగ్గొట్టడానికి వేషాలు' అని కొట్టిపారేయకూడదు.

జానీకి వచ్చిన గ్లియోబ్లాస్టోమా మాత్రం ఇప్పటికీ మొండిదే. రేడియేషన్‌కు తోడు టెమోజోలమైడ్ అనే మందు ఇస్తే రోగుల సగటు ఆయుష్షు సుమారు 12 నెలల నుంచి 14.6 నెలలకు పెరిగిందని 2005లో పెద్దవాళ్ల మీద జరిపిన పరిశోధన తేల్చింది. వైద్యలోకం దాన్ని పెద్ద ముందడుగుగా లెక్కేసింది. స్కాన్లూ మందులూ లేని కాలంలో జానీ బతికింది కూడా పద్నాలుగు నెలలే! ఈ జబ్బులో మనం ఎంత దూరం వచ్చామో, ఇంకా ఎంత దూరం వెళ్లాలో ఆ రెండు అంకెలే చెబుతాయి.

పుస్తకం చివర్లో ఫ్రాన్సిస్ రాసిన కొన్ని పేజీలున్నాయి. బిడ్డను పోగొట్టుకున్న ప్రతి తల్లినీ తొలిచే ప్రశ్నే ఆమెనూ తొలిచింది, ఇంకేదైనా చేసి ఉండాల్సిందా అని. వెతికి వెతికి ఆమె చేరింది డాక్టర్ల దగ్గరికి కాదు, మందుల దగ్గరికీ కాదు. వాడు బతికున్నప్పుడు వాడిని ఇంకాస్త ఎక్కువగా ప్రేమించి ఉండాల్సింది అనుకున్నారామె. ఆ పద్నాలుగు నెలలూ కాలు నిలవకుండా తిరిగిన తల్లి అనుకున్న మాట అది! పిల్లలు హాయిగా ఉన్న ఇళ్లలో సాయంత్రం మార్కుల గురించీ, సెల్‌ఫోన్ గురించీ గొడవ పెట్టుకునే అమ్మానాన్నలు ఆ నాలుగు పేజీలు ఒక్కసారి చదివితే చాలు. తిట్టడం మానకపోవచ్చు. తిట్టిన తర్వాత అన్నం దగ్గరికి పిలిచే గొంతు కాస్త మారుతుంది.